మార్మైట్ సీసా: పారెయ్యాలా, ఉంచాలా?

లెస్టర్ కోడలు · శనివారం ఉదయం 10:05

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి నాలుగు నెలలైంది. నిన్న జరిగింది చెప్తా, నవ్వుకోవాలంటే నవ్వుకోండి, కానీ చివర్లో అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై దాటి ఉంటాయి. నేను ఈమధ్య నీరసంగా కనిపిస్తున్నానని నిన్న ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టారు. పొట్టిగా, బొద్దుగా, నల్లగా ఉంది. పసుపు మూత, లేబుల్ మీద గిన్నె బొమ్మ, పేరు మార్మైట్. "పొద్దున్నే టోస్ట్ మీద" అన్నంతవరకు అర్థమైంది, మిగతాది ఆవిడ యాసలో కొట్టుకుపోయింది. మూత తీస్తే చిక్కటి పాకం. అరిసెల పాకం ముదిరితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే, మెరుస్తూ, తీగ సాగుతూ. ఆశ ఆగక చెంచా నిండా తీసి నోట్లో పెట్టేసుకున్నా.

ఇంక చెప్పేదేముంది. గుప్పెడు ఉప్పులో బి కాంప్లెక్స్ గోళీలు నూరి, అడుగంటిన పులుసు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. సింకు దగ్గరికి పరిగెత్తా. మా ఆయన సాయం చెయ్యకుండా వీడియో తీశారు, ఆ గొడవ వేరే.

ఇవాళ పొద్దున ఆవిడ గోడ అవతల నుంచి "ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందని అబద్ధం చెప్పేశా. పైగా నెట్‌లో వెతికితే బీరు తయారీలో మిగిలిన సరుకుతో చేస్తారని కనిపించింది. మా ఇంట్లో మాంసం లేదు, మందు లేదు. అసలిది శాకాహారమేనా? సీసా నిండుగా ఉంది. పారెయ్యాలా, ఉంచాలా?

గోంగూర పక్షం · 10:11

పారెయ్యండి. ఇంక చర్చ ఎందుకు.

బర్టన్ బావ · 10:32

చెంచాడు తిన్నారా తల్లీ! అది తప్పు మీది, సీసాది కాదు.

నేను పన్నెండేళ్లుగా బర్టన్ అపాన్ ట్రెంట్‌లో ఉంటున్నా. ఈ పదార్థం పుట్టింది మా ఊళ్లోనే, 1902లో. ఇది బీరు ఊరు. బాస్ అని ఒక పెద్ద బ్రూవరీ ఉండేది. బీరు కాచాక తొట్టి అడుగున ఈస్ట్ మడ్డి మిగులుతుంది కదా, దాన్ని ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఈస్ట్‌ను చిక్కబరిచి తినొచ్చని జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ అంతకుముందే కనిపెట్టి ఉన్నాడు. ఇక్కడివాళ్లు బ్రూవరీ పక్కనే ఫ్యాక్టరీ పెట్టేశారు. మార్మైట్ అంటే ఫ్రెంచిలో వంట కుండ. మొదట్లో మట్టి కుండల్లోనే అమ్మేవారు, లేబుల్ మీద బొమ్మ అదే. గాలి ఇటు తిరిగినప్పుడు ఊరంతా ఆ వాసన వస్తుంది. మొదటి ఏడాది కిటికీలు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు సెలవులకి ఇండియా వెళ్లి తిరిగొస్తే ఆ వాసన తగలగానే ఇల్లు చేరినట్టు ఉంటుంది, ఏం చేస్తాం.

పద్ధతి చెప్తా వినండి. టోస్ట్ వేడిగా ఉండాలి. వెన్న ధారాళంగా రాయాలి, కరిగి రొట్టెలోకి దిగాలి. అప్పుడు కత్తి మొనకి మిరియపు గింజంత మార్మైట్ తీసుకుని రొట్టె మొత్తానికీ గీకాలి. ఇది పూసేది కాదు, గీకేది. రొట్టె రంగు కొంచెం మాసినట్టు కనబడితే చాలు.

బీరు సంగతికొస్తే, ఇందులో మందు ఏమీ ఉండదు. ఈస్ట్ బీరులోంచి వచ్చిందే, కానీ దాన్ని కడిగి, కాచి, మరిగించి చిక్కబరుస్తారు.

పులిహోర పెద్దాయన · 11:04

నేను 1994లో లండన్ వచ్చాను. మా ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన, మంచివాడు, నా డబ్బాలో ఏముందని రోజూ తొంగి చూసేవాడు. ఒకరోజు ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ చూపించాను. నేను "ఆగు" అనేలోపు పెద్ద ముక్కొకటి ఫోర్కుతో గుచ్చి, అన్నం లేకుండా, మిఠాయి నమిలినట్టు నమిలేశాడు. ముఖం కందగడ్డ అయిపోయింది. నెలరోజులు నా పక్కన కూర్చోలేదు. "మీవాళ్లు దీన్ని ఎలా తింటారు?" అన్నాడు. తినరు నాయనా, నంజుకుంటారు.

ఈ నంజుకోవడం అన్న మాటకి ఇంగ్లీషులో సరైన మాట లేదు. అందుకే వాళ్లూ మార్మైట్ గురించి బయటివాళ్లకి సరిగ్గా చెప్పలేకపోతున్నారు. స్ప్రెడ్ అంటారు. స్ప్రెడ్ అనగానే మనం జామ్ రాసినట్టు రాస్తాం, చస్తాం. ఇది నంజుకునే సరుకమ్మా. వెన్న రొట్టె అన్నం, మార్మైట్ ఊరగాయ. అలా అనుకుని ఇంకోసారి ప్రయత్నించు.

గోంగూర పక్షం · 11:09

పెద్దాయన గారూ, మీరంటే గౌరవం. కానీ ఆవకాయని దీని పక్కన కూర్చోబెట్టినందుకు మనసు కష్టమైంది. ఆవకాయలో మామిడి ఉంది, ఆవ ఉంది, నూనె ఉంది, ఎండాకాలం ఉంది, అమ్మమ్మ ఉంది. ఇందులో ఏముంది? తొట్టి కడిగిన మడ్డి.

పులిహోర పెద్దాయన · 11:15

వాళ్ల అమ్మమ్మ అందులో ఉండొచ్చు కదయ్యా.

కొబ్బరి చట్నీ · 11:40

శాకాహారం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు, నేను చెప్తా. మార్మైట్ పూర్తి శాకాహారం, పాలు కూడా ఉండవు. ఆస్ట్రేలియా వాళ్లు ఇలాగే ఈస్ట్‌తో చేసుకునే వెజిమైట్ కూడా అంతే. కానీ అక్కా, ఒక జాగ్రత్త. అదే షెల్ఫులో బోవ్రిల్ అని ఇంకో సీసా ఉంటుంది. అదే పొట్టి ఆకారం, అదే నలుపు, మూత ఎరుపు. అది గొడ్డుమాంసం సారం. మధ్యలో 2004 నుంచి రెండేళ్లు దాన్నీ ఈస్ట్‌తోనే చేశారు, తర్వాత మళ్లీ మాంసానికే వెళ్లిపోయారు. కాబట్టి "బోవ్రిల్ కూడా వెజ్జే" అని పాత సమాచారం ఎవరైనా చెబితే నమ్మకండి. మూత రంగు చూసుకోండి, లేబుల్ చదవండి.

గోధుమ, బార్లీ పడనివాళ్లు మాత్రం మార్మైట్ జోలికి వెళ్లొద్దు. బ్రూవరీ సరుకు కాబట్టి బార్లీ ఉంటుంది.

మెల్‌బోర్న్ మామ · మధ్యాహ్నం 12:20

మార్మైట్ మార్మైట్ అని కొట్టుకుంటున్నారు. అసలు సరుకు వెజిమైట్. మార్మైట్ జిగురు, తీగలు సాగుతుంది. వెజిమైట్ గట్టి ముద్ద, నిక్కచ్చిగా ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ నుంచి ఓడలు సరిగ్గా రాక ఇక్కడ మార్మైట్‌కి కటకట వచ్చింది. తర్వాత మెల్‌బోర్న్‌లో ఫ్రెడ్ వాకర్ అనే వ్యాపారి, సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రవేత్తను పెట్టుకుని మన బ్రూవరీ మడ్డితో మనమే చేసుకుందాం అన్నాడు. 1923లో బజార్లోకి వచ్చింది. పేరు కోసం పోటీ పెట్టి, జనం పంపిన వాటిలోంచి తీశారు. అంత చేసినా అమ్ముడుపోలేదు. 1928లో పేరు పార్‌విల్ అని మార్చారు. ఎందుకంటే ఇంగ్లీషులో మార్మైట్ అంటే "మా మైట్", అంటే "అమ్మ తింటుందేమో" అన్నట్టు వినబడుతుంది, పార్‌విల్ అంటే "పా విల్", "నాన్న తింటాడు". జోకు పేలలేదు. 1935లో నోరు మూసుకుని పాత పేరుకే వచ్చేశారు. రెండో యుద్ధంలో సైనికుల రేషన్‌లోకి చేరాక ఇంక ఆగలేదు. ఎన్నో ఏళ్లు అమెరికా కంపెనీ చేతిలో ఉండి, 2017లో బేగా అనే ఇక్కడి కంపెనీ కొన్నాక మళ్లీ ఆస్ట్రేలియా వాళ్లదైంది. ఆ రోజు మా ఆఫీసులో కేక్ కోశారంటే నమ్ముతారా.

బర్టన్ బావ · 12:26

మామా, మీరే చెప్పారుగా, మాది దొరక్క మీరు కాపీ కొట్టారని.

మెల్‌బోర్న్ మామ · 12:28

కాపీ కాదు అల్లుడూ, సవరణ.

ఆక్లాండ్ అల్లుడు · 12:51

మమ్మల్ని ఎవరూ లెక్క చెయ్యరు. న్యూజిలాండ్‌లో దొరికే మార్మైట్, బ్రిటన్ మార్మైట్ ఒకటి కాదు. ఇక్కడ శానిటేరియమ్ అనే సంస్థ చేస్తుంది. చక్కెర, క్యారమెల్ కలుస్తాయి కాబట్టి కొంచెం మెత్తగా, సాధువుగా ఉంటుంది. కొత్తవాళ్లు దీంతో మొదలుపెడితే ఏడవరు.

2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ భూకంపం వచ్చింది కదా. ఫ్యాక్టరీ అక్కడే. భవనం దెబ్బతిని ఆ ఏడాది నవంబరులో మూసేశారు. 2012 మార్చికల్లా దేశంలో సరుకు అయిపోయింది. పేపర్లు దానికి "మార్మగెడ్డాన్" అని పేరు పెట్టాయి, ప్రళయం అన్నమాట. సగం వాడిన సీసాలు ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. సగం వాడినవి! 2013 మార్చి 20న మళ్లీ షాపుల్లోకి వచ్చింది. నేను అప్పటికి కొత్త, ఈ జనానికి ఏమైందిరా అనుకున్నా. తర్వాత ఒకసారి మా అమ్మ పంపిన చింతకాయ తొక్కు పార్సిల్ విమానాశ్రయంలో ఆపేసినప్పుడు నేను పడ్డ బాధ చూసి మా రూమ్మేట్ అదే మాట అన్నాడు.

నల్లకుంట నవీన్ · 1:02

నేను మూడూ తిన్నా భయ్యా. బ్రిటన్‌ది, ఆస్ట్రేలియాది, న్యూజిలాండ్‌ది. మూడిట్లో నాకు తెలిసిన తేడా ఒక్కటే, మూతల రంగు.

ఆరోగ్య ప్రదాత · 1:30

ఎవరూ అసలు విషయం మాట్లాడట్లేదు. ఇందులో ఉన్నదంతా టేస్టింగ్ సాల్ట్. చైనీస్ బండి దగ్గర ఫ్రైడ్ రైస్‌లో చల్లేది అదే. మెదడు పాడవుతుంది. పిల్లలకి పెట్టకండి. అందరికీ షేర్ చెయ్యండి.

కెమిస్ట్రీ మాస్టారు · 2:10

షేర్ చేసేముందు రెండు నిమిషాలు ఆగండి.

ఈస్ట్ అంటే బతికున్న చిన్న కణాలు. ఇడ్లీ పిండి పొంగడంలోనూ, కల్లు పులవడంలోనూ వీటి చెయ్యి ఉంటుంది. బ్రూవరీ నుంచి వచ్చిన ఈస్ట్‌కి ఉప్పు పట్టించి గోరువెచ్చగా ఉంచితే కణాలు చచ్చిపోతాయి. చచ్చాక వాటిలో ఉన్న ఎంజైములే వాటి మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తాయి. తనని తానే జీర్ణం చేసుకుంటుందన్నమాట. తర్వాత పొట్టు వేరు చేసి, మిగిలిన రసాన్ని చిక్కగా మరిగిస్తారు. మాంసకృత్తులు విరిగినప్పుడు వచ్చే అమైనో ఆమ్లాల్లో గ్లుటామిక్ ఆమ్లం ఒకటి. టేస్టింగ్ సాల్ట్ దాని లవణమే, నిజం. కానీ అదే గ్లుటమేటు మీ పండు టమాటాలో ఉంది, పుట్టగొడుగులో ఉంది, పాత చీజ్‌లో ఉంది, తల్లిపాలలో కూడా ఉంది. 1908లో ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులోంచి దీన్ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. టమాటా చారు మరిగేకొద్దీ రుచి ఎందుకు పెరుగుతుందో ఆలోచించండి.

కాబట్టి మెదడు క్షేమం. భయపడాల్సింది ఉప్పుకి. బ్రిటన్ మార్మైట్ నూరు గ్రాముల్లో ఉప్పు దాదాపు పది గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపే ఉండాలంటోంది. గీకితే పరవాలేదు, చెంచాలతో తింటే లెస్టర్ అమ్మాయిలాగే ఉంటుంది. బి.పి. ఉన్నవాళ్లు ఊరగాయని లెక్కేసినట్టే దీన్నీ లెక్కెయ్యాలి. అంత ఉప్పు ఉంది కాబట్టే సీసా నెలల తరబడి బయట పెట్టినా చెడదు. అందులో మాత్రం ఆవకాయకి సోదరే.

సరదాకి ఒకటి. గిన్నెలో కొంచెం మార్మైట్ వేసి చెంచాతో చాలాసేపు గిలక్కొట్టి చూడండి. నల్లటిది కాస్తా రంగు తేలిపోతూ చివరికి తెల్లబడుతుంది. లోపల చిన్న చిన్న గాలి బుడగలు చేరడం వల్ల. మా ఎనిమిదో తరగతి పిల్లలు దీనికి చప్పట్లు కొట్టారు. తినమంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు.

ఆరోగ్య ప్రదాత · 2:14

మాస్టారూ, నాకు ఒక గ్రూపులో వచ్చింది సార్.

కెమిస్ట్రీ మాస్టారు · 2:15

అదే అనుకున్నా.

భీమవరం బుల్లోడు · సాయంత్రం 4:45

గోంగూర పక్షం వారు "ఇందులో ఏముంది, మడ్డి" అన్నారు. ఆ మడ్డికీ మా ఊరికీ ఒక చుట్టరికం ఉంది. కొంచెం పెద్ద కథ, ఓపిక ఉంటే చదవండి.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి ఒక రకం రక్తహీనత వచ్చేది. మామూలుగా ఇనుము తక్కువై వచ్చేది కాదు. ఎర్రకణాలు మామూలుకంటే పెద్దవిగా, పనికిరాకుండా తయారయ్యేవి. చాలామంది చనిపోయేవారు. ఈవిడ వాళ్ల ఇళ్లకి వెళ్లి ఏం తింటున్నారో చూసింది. తిండిలోనే లోపం ఉందని అనుమానించి మొదట ఎలుకల మీద, తర్వాత కోతుల మీద ప్రయోగాలు చేసింది. ఏవేవో పెట్టి చూసింది. చివరికి కోలుకునేలా చేసింది ఏంటో తెలుసా? మార్మైట్. కాలేయం సారం కూడా పనిచేసేది, కానీ దాని ఖర్చు పేదవాళ్లు భరించలేరు. మార్మైట్ చవక. మిల్లు ఆడవాళ్లకి పెడితే రోజుల్లోనే తేరుకోవడం మొదలైంది. 1931లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఆ సంగతి రాసింది. మద్రాసులోనూ, కూనూరులోనూ కూడా కొంతకాలం ఈ పని చేసింది.

మార్మైట్‌లో ఆ గుణం దేనివల్ల వచ్చిందో అప్పటికి ఎవరికీ తెలియదు. "విల్స్ ఫ్యాక్టర్" అని పిలిచేవారు. పదేళ్ల తర్వాత, 1941లో, అమెరికాలో పాలకూరలోంచి ఒక పదార్థాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. విల్స్ ఫ్యాక్టర్ ఈ కుటుంబానిదేనని తేలింది. కానీ ఆకుకూరలోంచి తీస్తే వచ్చేది పిసరంత. ప్రపంచానికి సరిపోవాలంటే ప్రయోగశాలలో తయారు చెయ్యాలి. 1945లో అది చేసి చూపించింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధన నడిపించినాయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మా భీమవరంలో పుట్టినవారు.

స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములు పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి ఎండిపోతాడు. ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. అదే స్ప్రూకి ఫోలిక్ ఆమ్లం మందని తర్వాత రుజువైంది. ఇప్పుడు మన ఊళ్లలో ఆశా వర్కర్లు గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్ర మీద "ఫోలిక్ యాసిడ్" అని ఉంటుంది చూడండి. ఆ చిన్న మాత్ర వెనక బొంబాయి మిల్లు కార్మికురాలు ఉంది, ఈ నల్ల సీసా ఉంది, మా ఊరాయన ఉన్నాడు.

రుచి నాకూ నచ్చదు. అది వేరే సంగతి.

నల్లకుంట నవీన్ · 4:58

అంటే సుబ్బారావు గారు మార్మైట్ తినేవారా?

భీమవరం బుల్లోడు · 5:03

అన్నా, నేను అలా అనలేదు. రేపు ఈ పోస్టు "మార్మైట్ కనిపెట్టిన తెలుగువాడు" అని తిరుగుతూ నాకే వస్తుంది, ప్లీజ్.

గోంగూర పక్షం · 5:20

భీమవరం గారూ, పొద్దున నేను రాసిన "తొట్టి కడిగిన మడ్డి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. "పారెయ్యండి" మాత్రం అలాగే ఉంచుతున్నా.

రిటైర్డ్ నర్సు అత్తయ్య · 5:41

లెస్టర్ అమ్మాయ్, ఇంతమందిలో ఎవరూ అడగలేదు, నేను అడుగుతున్నా. నీరసంగా ఉంటున్నానన్నావు. ఎన్నాళ్ల నుంచి? శాకాహారివి, చలిదేశం వచ్చావు, ఎండ తగలదు. ముందు జీపీ, అంటే మీ ఏరియా డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని రక్త పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి అడుగు. బ్రిటన్ మార్మైట్‌లో బి12 విడిగా కలుపుతారు, నిజమే. వెజిమైట్ మామూలు సీసాలో అది ఉండదు. అయితే లోటు గట్టిగా ఉంటే టోస్ట్ మీద గీకినంత మాత్రాన తీరదమ్మా, ఇంజెక్షన్లు కావాలి. సీసా చూసుకుని డాక్టరుని మానెయ్యకు.

ఇంకొకటి, అందరికీ. మనోవ్యాధికి వాడే పాత రకం మందులు కొన్ని ఉంటాయి, ఎంఏఓఐ అంటారు. అవి వేసుకునేవాళ్లు ఈస్ట్ సారం ముట్టుకోకూడదు, బి.పి. ఒక్కసారిగా పైకి పోతుంది. అలాంటి మందులు ఇచ్చేటప్పుడు తినకూడని వాటి జాబితాలో ఇది తప్పకుండా చెప్తాం.

లెస్టర్ కోడలు · 5:55

థాంక్యూ అత్తయ్యా. సోమవారం ఫోన్ చేస్తా. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికే లైన్లో నిలబడాలి ఫోన్‌లో, అదొక టెన్షన్.

చెన్నపట్నం చెల్లి · రాత్రి 7:18

నా హాస్టల్ రూమ్మేట్ కొలంబో అమ్మాయి. వాళ్ల దేశంలో మార్మైట్ ఇంటింటి సరుకు. తెల్లదొరలు తెచ్చారు, వాళ్లు సొంతం చేసుకున్నారు. రోస్ట్ పాన్ అని పలచటి, కరకరలాడే రొట్టె ఉంటుంది. దానికి బటర్, పైన మార్మైట్. జ్వరం వస్తే వేడినీళ్లలో అర చెంచా కలిపి, నిమ్మకాయ పిండి, మిరియాల పొడి వేసి తాగుతారు. నాకు జలుబు చేసినప్పుడు చేసి ఇచ్చింది. కళ్లు మూసుకుని తాగితే మిరియాల చారుకి దూరపు బంధువులా ఉంది. నిమ్మకాయ పడగానే ఆ మందుల వాసన సగం పోయింది.

మలేషియాలో అయితే తేనె కలిపి కోడికూరకి పట్టిస్తారట, తను చెప్పింది.

ఉప్మా విప్లవం · 7:40

చెల్లీ, నువ్వు ధైర్యం ఇచ్చావు కాబట్టి ఒప్పుకుంటున్నా. నేను ఉప్మాలో వేస్తా. ఎసరు మరిగేటప్పుడు పావు చెంచా. ఉప్పు తగ్గించాలి. రంగు కొంచెం గోధుమగా వస్తుంది, వాసన తెలియదు, కానీ ఏదో ఉందనిపిస్తుంది. పుట్టగొడుగుల కూరలో అయితే ఇంకా బాగుంటుంది. వెజ్ బిర్యానీకి మసాలా వేయించేటప్పుడు కూడా.

గోంగూర పక్షం · 7:41

మోడరేటర్ గారూ!!

పులిహోర పెద్దాయన · 7:50

ఉప్మాకి అంతకంటే జరగాల్సిన అన్యాయం ఏముందయ్యా, దాన్ని ఇష్టపడేవాళ్లే లేరు. వెయ్యనీ. పుట్టగొడుగులు కూడా పరవాలేదు. పప్పుచారు జోలికి మాత్రం రావద్దని చెప్పండి.

ఉప్మా విప్లవం · 7:52

పెద్దాయన గారూ, దాని గురించి నేను ఏమీ మాట్లాడను.

పులిహోర పెద్దాయన · 7:53

అంటే వేశావన్నమాట.

చావడి మోడరేటర్ · 8:10

ఇద్దరు సభ్యులు పప్పుచారు విషయంలో రాసిన పోస్టులు తీసేశాం. వంట మీద ఎంత కోపం వచ్చినా వండినవాళ్ల తల్లిదండ్రులను లాగకండి. మార్మైట్ దోమల్ని తరిమేస్తుందన్న పోస్టును కూడా తీసేశాం. దానిమీద పరీక్షలు చేసి చూశారు, అలాంటిదేమీ లేదు.

క్రాయిడన్ నాన్న · 9:35

ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నా. నేను ఇటూ కాదు అటూ కాదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇక్కడే పుట్టింది. నర్సరీలో మొదటిసారి మార్మైట్ సాండ్విచ్ పెట్టారు, అప్పటినుంచి అదే కావాలంటుంది. స్కూలు డబ్బాలో పులిహోర పెడితే తెస్తుంది వెనక్కి. ఇక్కడ ఒక మాట ఉంది, ఎవరినైనా కొందరు నెత్తిన పెట్టుకుని, కొందరు ఛీ కొడుతుంటే "మార్మైట్ లాంటి మనిషి" అంటారు. 1996లో కంపెనీయే "ప్రేమిస్తారు, లేదా అసహ్యించుకుంటారు" అని ప్రకటన మొదలుపెట్టింది. తన సరుకు సగంమందికి నచ్చదని తనే చెప్పుకున్న కంపెనీ ఇదొక్కటేనేమో. మా ఇంట్లో ఆ సగం నేను.

2020లో లాక్‌డౌన్ పెట్టి పబ్బులు మూసేశారు గుర్తుందా. బీరు తయారీ తగ్గింది, ఈస్ట్ తగ్గింది, పెద్ద సీసాలు ఆపేసి 250 గ్రాములవే చేశారు. మా అమ్మాయికి అప్పుడు చిన్న వయసు. సీసా అడుగున వేడినీళ్లు పోసి కదిపి ఆ నీళ్లు తాగేది. నేను చూస్తూ నిలబడ్డా. మా నాన్న ఆవకాయ జాడీ ఖాళీ అయ్యాక దాంట్లో వేడన్నం వేసి కలిపి మాకు తలో ముద్ద పెట్టేవాడు. అమ్మాయికి ఆ సంగతి చెప్తే "యక్, జార్‌లోనా?" అంది, చేతిలో ఆ కప్పు పట్టుకునే.

మెల్‌బోర్న్ మామ · 9:44

క్రాయిడన్ గారూ, ఆ అమ్మాయిని ఒకసారి మా ఇంటికి పంపండి, వెజిమైట్ పెడతా.

బర్టన్ బావ · 9:46

పంపకండి.

లెస్టర్ కోడలు · ఆదివారం సాయంత్రం 6:30

అందరూ ఓపిగ్గా చెప్పారు కాబట్టి ఏం జరిగిందో కూడా చెప్పాలి.

పొద్దున బర్టన్ బావ గారు చెప్పినట్టే చేశా. వేడి టోస్ట్, వెన్న దండిగా, కత్తి మొనకి మిరియపు గింజంత. మొదటి కొరుకుకి భయం వేసింది. రెండోదానికి ఉప్పు వేసిన మాడు అన్నం గుర్తొచ్చింది, గిన్నె అడుగున గోకి తినేది. బాగుందని అనను. బాలేదని కూడా ఇప్పుడు అనలేను. మా ఆయన మాత్రం ఒకటి తిని, ఇంకోటి చేసుకుని, మూడోది చీజ్ వేసి చేసుకున్నారు. వీడియో తీద్దామనుకున్నా, ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది.

మధ్యాహ్నం పక్కింటావిడకి నిజం చెప్పేశా, చెంచాడు తిన్నానని. ఆవిడ గోడ పట్టుకుని నవ్వారు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. వాళ్ల అమ్మ బెత్తం చూపించి తినిపించేదట చిన్నప్పుడు, యుద్ధం అయిన కొత్తల్లో.

బదులుగా ఏదైనా ఇవ్వాలి కదా. ఇంట్లో ఉన్న నిమ్మకాయ ఊరగాయ చిన్న సీసాలో పెట్టి ఇచ్చా. పెద్దాయన గారి ఇంగ్లీషాయన గుర్తొచ్చి గట్టిగా చెప్పా, చాలా కొంచెం, దేంట్లోకైనా కలిపి, ఉత్తిది తినొద్దు అని. ఆవిడ తల ఊపారు. నా ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలియదు.

గోంగూర పక్షం · 6:34

సీసా సంగతి తేల్చలేదు. పారేశారా, లేదా?

లెస్టర్ కోడలు · 6:52

లేదండీ. ఊరగాయల పక్కన పెట్టా. ఆగండి, ఎవరో తలుపు కొడుతున్నారు, ఆవిడే అయ్యుంటారు.